అధ్యాయం ఎక్కడ ఆగిందో చూసి పుస్తకం ఇవ్వండి

"బొమ్మల పుస్తకాలు దాటేసింది, ఇప్పుడేమివ్వాలి?" అని అమ్మానాన్నలు నన్ను అడగని నెల ఉండదు. ప్రైమరీ స్కూల్లో లైబ్రరీ చూసుకోవడం నా పని. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలు వారానికొక పీరియడ్ నా దగ్గర కూర్చుంటారు. ఇంట్లో మా అక్క కూతురుంది, ఎనిమిదేళ్లది. స్కూల్లో ఇవ్వబోయే పుస్తకం ఏదైనా ముందు దాని చేతిలో పడుతుంది. అడిగినవాళ్లకు విడివిడిగా చెబుతూ వచ్చినదంతా ఒకచోట రాస్తున్నాను.

అట్ట వెనక వేసిన వయసు అంకె చూసి పుస్తకం ఎంచకండి. చాలావరకు ఆ అంకె ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడే పిల్లల్ని ఉద్దేశించి వేసింది. ఇంట్లో ఒక భాష, పుస్తకంలో ఇంకో భాష అయిన పిల్లలకు ఏడాది రెండేళ్లు అటూ ఇటూ అయినా ఏమీ కాదు. నేను చూసేది వేరు. మొదటి అధ్యాయం ఆఖరి పేజీ తీసి, రచయిత కథను ఎక్కడ వదిలిపెట్టారో చూస్తాను. ఆ పిల్లకు ఆ పుస్తకం ఇప్పుడు సరిపోతుందా లేదా అన్నది అక్కడే సగం తెలిసిపోతుంది.

చాప్టర్ బుక్, అంటే అధ్యాయాలుగా విడగొట్టిన కథల పుస్తకం, అనగానే పేజీలు ఎక్కువ ఉన్న పుస్తకం అనుకుంటాం. పేజీల కంటే పెద్ద మార్పు ఇంకొకటుంది. బొమ్మల పుస్తకం ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. చాప్టర్ బుక్‌ని మధ్యలో మూసేయాలి. మూసేశాక ఎవరు ఎక్కడున్నారు, ఎవరికి ఎవరి మీద కోపం వచ్చింది, ఏం జరగబోతోంది అన్నదంతా రేపటిదాకా తలలో పెట్టుకోవాలి. మర్నాడు పుస్తకం తెరిచి, వదిలిన చోటు నుంచి అందుకోవాలి. అక్షరాలు గడగడా చదవడానికీ దీనికీ సంబంధం లేదు. రెండో తరగతిలో పేరాలకు పేరాలు తడబడకుండా చదివే పిల్లలు కూడా నూట యాభై పేజీల కథ ఇస్తే రెండో రోజుకే వదిలేస్తారు. ఇంట్లోవాళ్లు "వీడికి పుస్తకాలంటే ఇష్టం లేదు" అని తేల్చేస్తారు. ఇష్టం లేక కాదు. నిన్నటి కథ ఇవాళ్టికి నిలవలేదు, అంతే. అందుకే ముందు కథను తలలో మోయాల్సిన పని లేని పుస్తకాలు ఇచ్చి, తర్వాత కొంచెం కొంచెంగా ఆ బరువు పెంచుతూ పోవాలి.

మోయాల్సిన పని లేనివి అంటే ప్రతి అధ్యాయమూ దానంతట అదే ఒక పూర్తి కథగా ఉండేవి. వీటిలో నేను అందరికంటే ముందు చేతిలో పెట్టేది ఆర్నాల్డ్ లోబెల్ రాసి, బొమ్మలు కూడా తనే వేసిన 'ఫ్రాగ్ అండ్ టోడ్' పుస్తకాలు. ఫ్రాగ్, టోడ్ అనేవి రెండు కప్పలు, మంచి నేస్తాలు. మొత్తం నాలుగు పుస్తకాలు. మొదటిది 1970లో, ఆఖరిది 1979లో వచ్చాయి. ఒక్కో పుస్తకంలో ఐదేసి కథలు. చిన్న వాక్యాలు, పెద్ద అక్షరాలు. అట్ట చూసి ఇవి మరీ చిన్నపిల్లలవి అనుకుని పక్కన పెట్టకండి.

మొదటి పుస్తకంలో ఉత్తరం కథ ఉంది. టోడ్ వరండాలో దిగులుగా కూర్చుని ఉంటాడు. అది ఉత్తరాలు వచ్చే వేళ, తనకు ఎవరూ ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. ఫ్రాగ్ ఇంటికి పరుగెత్తి ఒక ఉత్తరం రాసి, దాన్ని తీసుకెళ్లి ఇవ్వమని ఒక నత్తకు అప్పగిస్తాడు. తిరిగి వచ్చి టోడ్‌ని నిద్ర లేపి, ఇంకాసేపు చూద్దాం పద అంటాడు. మాటిమాటికీ కిటికీలోంచి చూస్తుంటే టోడ్‌కి అనుమానం వచ్చి అడుగుతాడు. ఉత్తరం రాశానని ఫ్రాగ్ ఒప్పుకుంటాడు, అందులో ఏం రాశాడో కూడా చెప్పేస్తాడు. తర్వాత ఇద్దరూ వరండాలో సంతోషంగా కూర్చుని ఉత్తరం కోసం ఎదురుచూస్తారు. నత్త నాలుగు రోజులకు వస్తుంది.

ఈ కథ చదివాక నేను పిల్లల్ని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను. ఉత్తరంలో ఏముందో ముందే తెలిసిపోయింది కదా, ఇంకా ఎందుకు ఎదురుచూశారు? ఒక రెండో తరగతి అబ్బాయి, "చెప్తే చెవికి తెలుస్తుంది టీచర్, ఉత్తరమైతే చేతిలో ఉంటుంది" అన్నాడు. వాడి పక్కనున్న పిల్ల, "కాదు, ఇద్దరూ కలిసి కూర్చోవచ్చని" అంది. ఇద్దరూ పీరియడ్ అయ్యేదాకా వాదించుకున్నారు. ఏడేళ్ల పిల్లలు ఒక కథ గురించి ఇంత లోతుగా మాట్లాడుకోవడానికి పది పేజీలు చాలని నాకు ఈ పుస్తకాల వల్లే తెలిసింది. రెండో పుస్తకంలో టోడ్ ఆ రోజు చేయాల్సిన పనులన్నీ కాగితం మీద రాసుకునే కథ కూడా తప్పక చదివించండి. ఆ కాగితం గాలికి ఎగిరిపోతుంది. దాని వెంట పరుగెత్తడం అన్నది కాగితంలో రాసి లేదు కాబట్టి పరుగెత్తలేనంటాడు. పిల్లలు పగలబడి నవ్వుతారు.

ఇదే కోవలో ఇంకొంచెం పెద్దది అటినూకె రాసిన 'అన్నా హిబిస్కస్'. మొదటి పుస్తకం 2007లో వచ్చింది, అందులో నాలుగు కథలు. అన్నా ఆఫ్రికాలో ఒక పెద్ద ఇంట్లో ఉంటుంది. అమ్మానాన్న, తాత, నానమ్మ, అత్తలు, బాబాయిలు, లెక్కలేనంత మంది పిల్లలు. ఇద్దరు కవల తమ్ముళ్లు, ఒకడి పేరు డబుల్, ఇంకొకడి పేరు ట్రబుల్. మన పిల్లలు ఈ ఇంట్లోకి ఏ ఇబ్బందీ లేకుండా నడిచి వెళ్లిపోతారు. ఒక కథలో అన్నాకు గేటు బయట నారింజపళ్లు అమ్ముకునే ఆడపిల్లల్లా తనూ అమ్మాలనిపిస్తుంది. ఇంటి చెట్టు పళ్లు కోసి బుట్టలో పెట్టుకుని అమ్ముతుంది, చక్కగా అమ్ముడుపోతాయి. ఆ రోజు ఆ పిల్లలకు బేరాల్లేవు, ఆ డబ్బుతోనే వాళ్ల ఇళ్లు గడుస్తాయి అన్న సంగతి తాత నోట విన్నాక అన్నాకు సిగ్గేస్తుంది. మర్నాడు వాళ్లకోసం తను కష్టపడుతుంది. నీతి బోధ ఎక్కడా ఉండదు, తాత కోప్పడడు కూడా. మా అక్క కూతురు ఈ కథ అయ్యాక పుస్తకం మూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "దానికి తెలీదు కదా పిన్నీ" అంది. తెలియకుండా చేసిన పని వల్ల కూడా ఒకళ్లకు నష్టం జరగొచ్చన్న ఆలోచన ఆ వయసులో కొత్తది, దాన్ని అంత సున్నితంగా చెప్పిన పుస్తకం నేను ఇంకొకటి చూడలేదు.

బెవర్లీ క్లియరీ రమోనా పుస్తకాలకు కూడా ఇదే వరస. క్లియరీ మొదట లైబ్రేరియన్. మాలాంటి పిల్లల గురించి పుస్తకాలేవీ లేవా అని ఒక అబ్బాయి అడిగిన ప్రశ్నను మనసులో పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. 1950లో మొదటి పుస్తకం వచ్చింది. 2021లో, 104 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 1968లో వచ్చిన 'రమోనా ద పెస్ట్'లో రమోనా అప్పుడే బడిలో చేరుతుంది. టీచరు పిల్లలకు ఒక బొమ్మల కథ చదివి వినిపిస్తుంది. అందులో మైక్ మలిగన్ అనే ఆయన ఆవిరి యంత్రంతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపకుండా గొయ్యి తవ్వుతాడు. రమోనా చెయ్యెత్తి, మరి ఆయన బాత్‌రూమ్‌కి ఎప్పుడు వెళ్లాడు అని అడుగుతుంది. అల్లరికి అడిగింది కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. క్లాసులో మిగతా పిల్లలందరికీ కూడా అదే అనుమానం. ఆ పేజీ దగ్గర మా మూడో తరగతి పిల్లల మొహాలు చూడాలి. తాము అడగాలనుకుని అడగలేకపోయిన ప్రశ్నలన్నీ రమోనా అడిగేస్తోందని వాళ్లకు అర్థమవుతుంది.

రమోనాకు ఐదేళ్లే కదా, ఎనిమిదేళ్ల పిల్లకు నచ్చుతుందా అని కొందరు అడుగుతారు. బాగా నచ్చుతుంది. రమోనాకు అర్థం కాని సంగతులు చదివే పిల్లకు అర్థమవుతుంటాయి, ఆ పెద్దరికం వాళ్లకు చాలా ఇష్టం. మంత్రగత్తె ముసుగు వేసుకున్నాక, ముసుగు లోపల ఉన్నది తనేనని ఎవరికీ తెలియడం లేదని రమోనా భయపడిపోయే అధ్యాయం ఒకటుంది. అది చదివేటప్పుడు పక్కన ఉండండి. ఇంగ్లీషు మాత్రం ఫ్రాగ్ అండ్ టోడ్ కంటే బాగా కష్టం, వాక్యాలు పొడుగు. ఒక పేజీ మీరు, ఒక పేజీ పిల్ల చదివితే సాఫీగా సాగుతుంది.

ఇలాంటి పుస్తకాలు నాలుగైదు అయ్యాక, ఒకే కథ అధ్యాయాలుగా సాగే పుస్తకాలకు రావాలి. కథ ఒకటే అయినా సూటిగా ఉండాలి, రెండు మూడు రోజుల్లో అయిపోవాలి. కేట్ డికామిలో రాసిన 'మెర్సీ వాట్సన్' పుస్తకాలు ఇందుకోసమే పుట్టాయా అనిపిస్తాయి. మెర్సీ ఒక పంది. వాట్సన్ దంపతులు దాన్ని కూతురిలా చూసుకుంటారు, దానికేమో వెన్న రాసిన టోస్టు తప్ప ఇంకో ధ్యాస ఉండదు. 2005లో వచ్చిన మొదటి పుస్తకంలో రాత్రి మెర్సీ వెళ్లి వాళ్ల మంచం ఎక్కుతుంది, ఆ బరువుకు నేల పగిలి మంచం కిందికి కుంగడం మొదలవుతుంది. మెర్సీ దూకి బయటికి పోతుంది. మన మెర్సీ అగ్నిమాపకదళాన్ని పిలవడానికి వెళ్లింది అని దంపతులు మురిసిపోతారు. అది వెళ్లింది టోస్టు వెతుక్కోవడానికి. ఈ సంగతి పాఠకులకు తెలుసు, వాట్సన్‌లకు తెలియదు, పుస్తకం ఆఖరిదాకా కూడా తెలియదు. పాత్రలకు తెలియనిది తనకు తెలియడం అనే మజా పిల్లలు చాలామంది మొదటిసారి రుచి చూసేది ఇక్కడే. అధ్యాయాలు రెండు మూడు పేజీలే, ప్రతి రెండు పేజీలకూ ఒక రంగుల బొమ్మ ఉంటుంది.

మేరీ పోప్ ఆస్బోర్న్ 'మ్యాజిక్ ట్రీ హౌస్' గురించి మీరు వినే ఉంటారు. 1992లో 'డైనోసార్స్ బిఫోర్ డార్క్'తో మొదలైంది. జాక్, అతని చెల్లెలు యానీ అడవిలో చెట్టు మీద పుస్తకాలతో నిండిన ఒక చిన్న ఇల్లు చూస్తారు. పుస్తకంలో ఏదైనా బొమ్మ మీద వేలు పెట్టి అక్కడికి వెళ్లాలని కోరుకుంటే వెళ్లిపోతారు. ఈ సిరీస్‌లో భాష మామూలుగానే ఉంటుంది, మనుషులు పెద్దగా మారరు, ఒకదాని తర్వాత ఒకటి చదువుతుంటే పెద్దవాళ్లకు విసుగు వస్తుంది. అయినా ఇవ్వండి. దాదాపు ప్రతి అధ్యాయమూ "అమ్మో, ఇప్పుడెలా" అన్న చోట ఆగుతుంది. పేజీ తిప్పకుండా ఉండలేకపోవడం అనేదాన్ని పిల్లలు ఇక్కడ నేర్చుకుంటారు. ఇంకో లాభం కూడా ఉంది. యానీ తోచింది చేసేస్తుంది, జాక్ మాత్రం ముందు నోటుబుక్ తీసి చూసినదల్లా రాసుకుంటాడు. మా స్కూల్లో ఈ సిరీస్ చదివే పిల్లలు కొందరు జేబులో చిన్న నోటుబుక్ పెట్టుకుని తిరుగుతున్నారు. మైదానం గోడ మీద చీమల వరస గురించి ఒకమ్మాయి రాసుకున్నది నాకు చూపించింది. నిజం సంగతులంటే ఇష్టపడే పిల్లలకు ఇదే సిరీస్‌కి జతగా 'ఫ్యాక్ట్ ట్రాకర్' అనే సమాచార పుస్తకాలు ఉన్నాయి, కథతో పాటు అదీ ఇవ్వండి.

రోల్డ్ డాల్ అడగకుండానే ప్రతి లిస్టులోకీ వస్తాడు. డాల్ పుస్తకాల్లో మొదట 'ఫెంటాస్టిక్ మిస్టర్ ఫాక్స్' ఇవ్వండి, 1970లో వచ్చింది, సన్నటి పుస్తకం, కథ మొదటి పేజీ నుంచే పరుగెడుతుంది. 'మెటిల్డా' తొమ్మిదేళ్లు దాటాక ఇస్తేనే బాగుంటుంది. అందులో పెద్దవాళ్ల క్రూరత్వం చిన్నపిల్లలకు నవ్వులా కాక భయంలా తగులుతుంది. ఇక డైరీ రూపంలో సగం కార్టూన్లతో వచ్చే సిరీస్‌లున్నాయి, వాటిని పిల్లలే వెతుక్కుని తెచ్చుకుంటారు. చదవనివ్వండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పుస్తకానికి వస్తాను. ఇ.బి. వైట్ 1952లో రాసిన 'షార్లెట్స్ వెబ్'. అధ్యాయం ఎక్కడ ఆగాలో ఈయనకు తెలిసినంతగా పిల్లల రచయితల్లో ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. నాలుగో అధ్యాయం చూడండి. విల్బర్ అనే పందిపిల్ల కొత్త పశువుల కొట్టంలోకి వచ్చింది. ఆ రోజంతా వాన. ఆడుకుందాం రమ్మంటే బాతు రాదు, గొర్రెపిల్ల రాదు, ఎలుక అసలే రాదు. సాయంత్రానికి విల్బర్ ఏడుస్తూ పడుకుంటాడు. చీకట్లో పైనుంచి సన్నటి గొంతు ఒకటి వినిపిస్తుంది. నీకు నేస్తం కావాలా, నేనుంటాను, పొద్దుటి నుంచీ నిన్ను చూస్తూనే ఉన్నాను అంటుంది. విల్బర్ లేచి నువ్వెక్కడ అంటే, ఇప్పుడు పడుకో, పొద్దున నేను కనిపిస్తాను అంటుంది. అధ్యాయం అక్కడితో అయిపోతుంది.

రాత్రి పడుకునేముందు చదివేవాళ్లు తప్పకుండా అక్కడే ఆపండి. "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని పిల్లలు బతిమాలుతారు. అయినా ఆపేయండి. విల్బర్‌కి ఆ గొంతు ఎవరిదో పొద్దున దాకా తెలియదు. వినే పిల్లకూ పొద్దున దాకా తెలియకూడదు. విల్బర్ ఎలా పడుకున్నాడో పిల్లా అలాగే పడుకుంటుంది. మా అక్క కూతురు మర్నాడు పళ్లు తోముకుంటూ కూడా ఆ గొంతు గుడ్లగూబదా, పిల్లిదా అని ఊహిస్తూనే ఉంది. నిన్నటి కథను ఇవాళ్టిదాకా తలలో పెట్టుకోవడం అని మొదట్లో చెప్పానే, అది ఎవరూ నేర్పకుండా జరిగిపోయేది ఇలాంటి చోటనే. ఐదో అధ్యాయంలో ఆ గొంతు సాలీడు షార్లెట్‌దని తెలిశాక, ఆమె తిండి గురించి విని విల్బర్ బెంబేలెత్తుతాడు. నేస్తం దొరికిందన్న సంతోషం, నేస్తం క్రూరురాలేమో అన్న బెంగ రెండూ ఒకేసారి. పిల్లలకు స్నేహం గురించి ఇంత నిజాయితీగా చెప్పడం తేలిక కాదు.

ఇదే పుస్తకంలో ఆపకూడని చోటు కూడా ఒకటుంది. మొత్తం 22 అధ్యాయాలు. 21వ అధ్యాయం చివర షార్లెట్ చనిపోతుంది. సంత ముగిసి, జనమంతా వెళ్లిపోయిన మైదానంలో ఒంటరిగా చనిపోతుంది. రచయిత ఏ మెత్తటి మాటలూ కప్పకుండా ఆ సంగతి చెప్పేస్తాడు. 1970లో వైట్ ఈ పుస్తకాన్ని తన గొంతుతోనే చదివి రికార్డు చేశారు. ఆ మాటల దగ్గరికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయి మళ్లీ మళ్లీ చదవాల్సి వచ్చిందని, మొత్తం 17 టేకులు పట్టిందని రికార్డింగు చేసినాయన తర్వాత చెప్పారు. రాసినాయనకే అలా అయితే, మనకు గొంతు వణికితే తప్పేముంది. వణకనివ్వండి. అయితే పుస్తకం మాత్రం మూయకండి. 22వ అధ్యాయం కూడా అదే కూర్చోవడంలో చదివేయండి. షార్లెట్ గుడ్ల సంచిని విల్బర్ నోట్లో జాగ్రత్తగా పెట్టుకుని కొట్టానికి తెస్తాడు. చలికాలమంతా కాపాడతాడు. 514 గుడ్లు. ఎండాకాలం ముందు పిల్లలు పుడతాయి, దారాలు వదులుకుని గాలిలో తేలుతూ ఎటో వెళ్లిపోతుంటే విల్బర్ మళ్లీ ఏడుస్తాడు, ఆఖరికి ముగ్గురు అక్కడే ఉండిపోతారు. 21 దగ్గర దీపం ఆర్పేస్తే పిల్ల ఆ రాత్రంతా చావుతో పడుకుంటుంది. 22 కూడా అయ్యాక ఆర్పితే ఆ ముగ్గురితో పడుకుంటుంది. అందుకే ఆ రెండు అధ్యాయాలకూ సెలవు రోజు మధ్యాహ్నం పెట్టుకోమని అమ్మానాన్నలకు చెబుతాను.

చావున్న పుస్తకం చిన్నపిల్లలకు ఎందుకని కొందరు తల్లులు నన్ను గట్టిగానే అడిగారు. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే, పిల్ల ఇంకా ఆ బాధలో ఉంటే, ఆగమనే నేనూ చెబుతాను. మిగతా పిల్లలకు మాత్రం ఎనిమిది తొమ్మిదేళ్లకు ఈ పుస్తకం ఇవ్వాల్సిందే. చావు గురించి పిల్లలకు ప్రశ్నలు ఎలాగూ వస్తాయి. పక్కన మనం కూర్చుని చదువుతున్నప్పుడు వస్తే మంచిది.

దీని తర్వాత డికామిలోదే 'బికాజ్ ఆఫ్ విన్-డిక్సీ' ఇస్తాను. 2000లో వచ్చింది. ఓపల్‌కి పదేళ్లు, కొత్త ఊరికి వచ్చింది, వాళ్లమ్మ ఎప్పుడో ఇల్లు వదిలి వెళ్లిపోయింది. సూపర్ మార్కెట్‌లో నానా రభస చేస్తున్న ఒక వీధికుక్కను నాదే అని చెప్పి ఇంటికి తెచ్చుకుంటుంది. ఆ కుక్క వల్ల ఊళ్లో ఒక్కొక్కరూ పరిచయమవుతారు. అధ్యాయాలు చిన్నవే, భాషా తేలికే, అయినా ఇది తొమ్మిది పదేళ్ల పిల్లల పుస్తకం. ఎందుకంటే ఇందులో అధ్యాయాలు పెద్ద మలుపుల దగ్గర ఆగవు. ఒక మనిషి గురించి ఒక కొత్త సంగతి తెలిసిన చోట ఆగుతాయి. వాళ్లమ్మ గురించి పది సంగతులు చెప్పమని ఓపల్ వాళ్ల నాన్నను అడుగుతుంది, ఆయన ఒక్కొక్కటిగా చెబుతుంటే ఓపల్ గుర్తుపెట్టుకుంటుంది. పుస్తకం అయ్యేసరికి వాళ్లమ్మ తిరిగి రాదు. మా ఐదో తరగతిలో ఒకబ్బాయి దాని మీద నాతో తగువేసుకున్నాడు, రాకపోతే కథ పూర్తయినట్టు ఎలా అని. వాడితో ఏకీభవించలేదు గానీ ఆ తగువు నాకు చాలా నచ్చింది.

చదివి వినిపించడానికైతే నా ఓటు 'తొత్తోచాన్'కి. తెలుగులో 'రైలుబడి'గా వచ్చింది. తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి 1981లో జపనీస్‌లో వేసిన పుస్తకం ఇది. పాత రైలు పెట్టెలే తరగతి గదులు. మొదటి రోజు హెడ్మాస్టరు కొబయాషి ఆ పిల్లను కూర్చోబెట్టి, నీకు చెప్పాలనిపించిందంతా చెప్పు అంటారు. ఆమె నాలుగు గంటలు మాట్లాడుతుంది, ఆయన విసుక్కోకుండా వింటారు. ఒక్కో అధ్యాయం రెండు మూడు పేజీలు, ఏదైనా విడిగా చదవచ్చు. పోలియో వచ్చిన స్నేహితుణ్ని తొత్తోచాన్ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా చెట్టు ఎక్కించే అధ్యాయం నేను ప్రతి ఏడాదీ నాలుగో తరగతికి చదువుతాను. మొదటి నిచ్చెనతో కుదరదు, ఇంకో నిచ్చెన ఈడ్చుకొస్తుంది, ఆఖరికి తన చిన్న చేతులతో అతన్ని కొమ్మ మీదికి లాగుతుంది. పిల్లలు ఊపిరి బిగబట్టి వింటారు. ఇది తెలుగులో చదవడం వల్ల ఇంకో మేలు కూడా ఉంది. ఇంగ్లీషు చదవడానికి ఇబ్బంది పడే పిల్ల కూడా కథ గురించి అందరికంటే బాగా మాట్లాడగలనని తెలుసుకుంటుంది.

తెలుగులో అధ్యాయాల రుచి చూపించడానికి చందమామ సీరియల్స్‌ని మించినవి నాకు తెలియవు. దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క' 1954లో మొదలైంది, తర్వాత 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' లాంటివి వచ్చాయి, చిత్రా గారి బొమ్మలతో. నెలకొక భాగం కాబట్టి ప్రతి భాగమూ ఆపద అంచున ఆగేది. ఆ భాష ఇవాళ్టి పిల్లలకు కొంచెం బరువే. కాబట్టి వాళ్ల చేతికి ఇచ్చి చదువుకోమనకండి, మీరు చదివి వినిపించండి. రోజుకొక భాగం చాలు, రెండోది అడిగినా చదవకండి.

ఇంట్లో మీరు చేయదగ్గవి ఇంకో రెండున్నాయి. పుస్తకం మొదలుపెట్టే రోజు విషయసూచిక పేజీ పిల్లతో చదివించండి, అధ్యాయాల పేర్లు చూసి కథ ఎలా పోతుందో ఊహించమనండి. మర్నాడు తెరిచేముందు "నిన్న ఎక్కడ ఆపాం?" అని అడిగి, తను తెలుగులో చెప్పేదాకా ఆగండి. సరిగ్గా చెప్పకపోతే మీరే రెండు మాటల్లో అందించి ముందుకు పోండి, పరీక్షలా చేయకండి.

పిల్ల మధ్యలో వదిలేసిన పుస్తకాన్ని బలవంతంగా పూర్తి చేయించకండి. దాన్ని కంటికి కనిపించే చోట ఉంచి, ప్రతి అధ్యాయమూ ఒక కథగా ఉండే పుస్తకాల్లోంచి ఒకటి చేతికివ్వండి. మూడో తరగతిలో ఒకబ్బాయి 'షార్లెట్స్ వెబ్' రెండో అధ్యాయంలో వదిలేసి, మిగతా ఏడాదంతా ఫ్రాగ్ అండ్ టోడ్, మెర్సీ వాట్సన్ చదువుకున్నాడు. నాలుగో తరగతికి వచ్చాక తనే వెళ్లి షెల్ఫులోంచి విల్బర్ పుస్తకం తీసుకుని, మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాడు. అది అయిపోయింది. ఇప్పుడు విన్-డిక్సీ చదువుతున్నాడు.